తాతగారి రికార్డులకి ఏ టర్న్‌టేబుల్? ముందు అటక మీద పెట్టె దించండి

మీరడిగింది ఇదీ: అమలాపురం దగ్గర మీ ఊళ్ళో, అటక మీద తాతగారి ట్రంకుపెట్టెలో అరవై దాకా రికార్డులు దొరికాయి. మీ దగ్గర నలభై వేలున్నాయి. ఆన్‌లైన్లో ఏడు వేలకి సూట్‌కేసులాంటి ప్లేయర్ ఒకటి ముచ్చటగా కనబడింది. పోనీ అనుకుంటే మీ బావగారు ఎప్పుడో సౌదీ నుంచి తెచ్చిన టర్న్‌టేబుల్ ఒకటి, అంటే రికార్డులు తిప్పే మిషను, దాన్నే డెక్కు అని కూడా అంటారు, మంచం కింద పడి ఉంది. ఏది చెయ్యమంటారు అని. హైఫై గురించి ఓనమాలు కూడా రావని రాశారు. రాకపోవడమే నయమండి, సగం వచ్చినవాళ్ళే లక్షలు తగలేస్తున్నారు.

నేనుండేది తణుకు. చదివింది వేరు, చేసిన ఉద్యోగం వేరు, కానీ ముప్ఫయ్యేళ్ళుగా ఈ రికార్డుల పిచ్చి మాత్రం వదల్లేదు. అంటించింది మండపేట దగ్గర మైకుసెట్టు నడిపిన మా మేనమామ. పెళ్ళయినా, శ్రీరామనవమి పందిరయినా ఆయన రికార్డుల పెట్టె, ఆంప్లిఫయరు, రెండు గొట్టాలు రిక్షాలో ఎక్కించుకుని బయల్దేరేవాడు, వెనకాల నేను. కాబట్టి నేను చెప్పేదాంట్లో కొంత చదివి తెలుసుకున్నది, కొంత ఆ పందిళ్ళ కింద తెలిసొచ్చింది.

ఈ వారం ఏమీ కొనకండి. అందరూ మిషను దగ్గర మొదలుపెడతారు, మొదలుపెట్టాల్సింది రికార్డుల దగ్గర. మీ దగ్గరున్నవి ఏ రకం ప్లేట్లో తేలితే ఏ ముల్లు కావాలో తేలుతుంది, ముల్లు తేలితే మిషను దానంతటదే తేలిపోతుంది. పాట వచ్చేది ఆ ముల్లు మొన దగ్గర. పెట్టె అందం, చెక్క రంగు, నీలం లైట్లు ఇవన్నీ తర్వాత సంగతి.

పెట్టె దించి, చాప పరిచి, మూడు కుప్పలు చెయ్యండి. పది అంగుళాల వెడల్పుండి, బరువుగా, మందంగా, వేలితో తడితే పింగాణీ పళ్ళెంలా మోగేవి 78లు. నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, పక్కకి మూడు నిమిషాలు మించి పాట ఉండదు. లక్కతో చేసినవి, చెయ్యి జారితే ముక్కలే. మన దేశంలో 78లు 1960ల చివరి దాకా కూడా వచ్చాయి కాబట్టి మీ తాతగారి వయసుని బట్టి ఇవి ఉండి తీరతాయి, అందులోనూ కోనసీమ ఇల్లు కనక నాటకం పద్యాల ప్లేట్లు నాలుగైనా లేకపోతే ఆశ్చర్యపోతాను. ఏడంగుళాల చిన్నవి ఈపీలు, 45 చుట్లవి, సినిమా పాటలు ఎక్కువగా వీటిలోనే ఉంటాయి. పన్నెండు అంగుళాల పెద్దవి ఎల్పీలు, నిమిషానికి ముప్ఫై మూడుంపావు చుట్లని మనవాళ్ళు అనేస్తారు గానీ లెక్క ప్రకారం ముప్ఫై మూడు, పైన మూడో వంతు. ఏ కుప్పలో ఎన్నున్నాయో లెక్క రాసుకోండి.

ఎందుకంటే 78 గాడి ఎల్పీ గాడి కంటే మూడు నాలుగింతలు వెడల్పు. ఎల్పీకి ఉండే సన్నటి ముల్లు దాంట్లో పెడితే, పంటకాలవలో వదిలిన కాగితం పడవలా అడుగున అటూ ఇటూ కొట్టుకుంటుంది, పాట కంటే బరబర ఎక్కువ వినబడుతుంది, ముల్లూ పాడవుతుంది. అటు 78ల లావు ముల్లు ఎల్పీ గాడిలో దిగనే దిగదు, పైన గీసుకుంటూ పోతుంది. 'మూడు స్పీడ్లూ ఉన్నాయి' అని డబ్బా మీద రాసి ఉంటే సరిపోదు, 78కి వేరే ముల్లు దొరుకుతుందా లేదా అని చూడాలి. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది డబ్బులు పోగొట్టుకున్నారో.

ఇంకో హెచ్చరిక, బజార్లో ఇత్తడి గొట్టం పెట్టి మెరిపించిన కీ ఇచ్చే గ్రామఫోన్లు కనబడతాయి, చూడ్డానికి పాతవిలా ఉంటాయి కానీ చాలామటుకు ఈ మధ్య అతికించినవే. హాల్లో షోకి పెట్టుకుంటానంటే మీ ఇష్టం. దాని మీద ఎల్పీ మాత్రం పెట్టకండి. ఇనప ముల్లు, పైన వంద గ్రాములకి పైనే బరువు. ఎల్పీ ఒక్క పాటకే గోవిందా.

ఇక రికార్డులు ఎలా ఉన్నాయో చూడండి. ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకోండి. గాళ్ళు నల్లగా నిగనిగలాడితే మంచిది. బూడిదరంగు తిరిగి మసకగా ఉంటే అరిగిపోయినట్టు లెక్క. తాతగారు ఏదైనా మైకుసెట్టు మూసేసినవాళ్ళ దగ్గర కొని ఉంటే అలాంటివే ఎక్కువ వస్తాయి. మా మామయ్య ముల్లు గాడి తప్పుతోందంటే, మిషన్లో ముల్లుని పట్టుకుని ఉండే కడ్డీ, దాన్నే చెయ్యి అంటాం, దాని తల మీద రూపాయి బిళ్ళ పెట్టేవాడు, 'ఇప్పుడు కదలదురా' అనేవాడు. నిజంగానే కదిలేది కాదు, దున్నుకుంటూ పోయేది. పందిట్లో దుమ్ము, అరిగిన ముల్లు, పైన బిళ్ళ. అలాంటి రికార్డు మీద లక్ష రూపాయల మిషను పెట్టినా గాయకుడు 'స' అన్నచోటల్లా నూనెలో ఆవాలు వేసినట్టే వినబడుతుంది. కొన్నిసార్లు సన్నటి మొన ఉన్న ముల్లు పెడితే పాతముల్లు తగలని చోట తగిలి కొంచెం నయమవుతుంది, అంతకంటే ఆశ పెట్టుకోకండి.

మీ ఇంట్లో 1986 ఆగస్టు వరద నీళ్ళో, 1996 నవంబరు తుఫాను నీళ్ళో ఆ పెట్టెని తాకాయేమో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. అట్టలు ఉబ్బి, అంచున మట్టిగీత ఉంటే తాకినట్టే. ఒండ్రుమట్టి వరికి బంగారం, రికార్డుకి గరుకు కాగితం. అది గాడిలో ఉండగా ముల్లు పెట్టారో, ఒక్కసారికే పాట పోతుంది, ముల్లూ పోతుంది. కడిగాకే వాయించాలి.

కడగడం పెద్ద విద్యేం కాదు. మన బోరు నీళ్ళు వద్దు, ముఖ్యంగా రొయ్యల చెరువులు తవ్విన వైపు ఊళ్ళలో అవి ఉప్పు, ఆరాక గాడిలో తెల్లగా పేరుకుంటుంది. కుళాయి నీళ్ళు మొదటి కడుగుకి పరవాలేదు, ఆఖరున మాత్రం బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. లీటరు నీళ్ళకి రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్, అంతే. మధ్యలో లేబులు తడవకుండా చూసుకుంటూ, మెత్తటి బ్రష్షుతో గాడి వెంబడే గుండ్రంగా తుడవాలి, అడ్డంగా రుద్దకూడదు. తర్వాత మంచినీళ్ళతో రెండుసార్లు, చివర డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి, నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. ఎండలో వద్దు. తెల్ల మచ్చలు ఎల్పీ మీదుంటే అది మన తేమకి పట్టే బూజు, నీళ్ళలో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపితే వదులుతుంది. కానీ 78ల దగ్గరికి ఆల్కహాల్ సీసా మూత కూడా తీసుకెళ్ళకండి, లక్క దాంట్లో కరిగిపోతుంది, ప్లేటు పోతుంది. మాకు తెలిసిన ఒకాయన కొబ్బరినూనె రాసి మెరిపించి తెచ్చి చూపించాడు, కోనసీమ మనిషి కదా, ఏ రోగానికైనా అదే మందు. వారం తిరక్కుండా అది దుమ్మంతా పట్టుకుని గాళ్ళలో పాకంలా గట్టిపడింది.

ఇప్పుడు మీ సూట్‌కేసు ప్లేయర్ సంగతి. తిట్టడం ఫ్యాషనైపోయింది కాబట్టి నేను కాస్త న్యాయంగా మాట్లాడతాను. ఒక్కసారి వాయిస్తే రికార్డు నాశనమైపోదు. పిల్లలు ఆడుకోవడానికి, పది రూపాయల రికార్డు వినడానికి పనికొస్తుంది. కానీ దాంట్లో ఉండే సెరామిక్ కార్ట్రిడ్జ్, అంటే ముల్లుని పట్టుకుని దాని అదురుని కరెంటుగా మార్చే చిన్న డబ్బీ, ఐదారు గ్రాముల బరువుతో నొక్కుతుంది, ఆ బరువు మార్చే ఏర్పాటు ఉండదు, మొన చాలావాటికి వజ్రం కాదు నీలంరాయి, త్వరగా అరుగుతుంది, అరిగింది అని మీకు తెలిసేసరికి రికార్డు అరిగి ఉంటుంది. స్పీకర్లు అదే పెట్టెలో ఉంటాయి కాబట్టి సౌండు పెంచితే పెట్టె అదురుతుంది, ఆ అదురుని ముల్లు మళ్ళీ పాటలో కలుపుతుంది. ఇంకో ప్రతి దొరకని తాతగారి రికార్డుల మీద ఇది పెట్టడమంటే నా మనసొప్పదు. నలభై వేలు చేతిలో ఉన్నవాళ్ళకి ఆ అవసరం కూడా లేదు.

బావగారి డెక్కు అసలు ఆసక్తికరమైన కేసు. మలికిపురం, రాజోలు, నర్సాపురం వైపు గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళ ఇళ్ళలో ఇలాంటివి మంచం కిందో, బీరువా మీదో ఇంకా ఉన్నాయి, జపాన్ సరుకు, మంచి ఇనుము. కానీ సౌదీ అన్నారు, అక్కడుంది తిరకాసు. కువైట్, దుబాయ్, మస్కట్‌లలో కరెంటు మన లాగే 50 హెర్ట్జ్, అంటే సెకనుకి యాభైసార్లు ఊగుతుంది. సౌదీలో 60. పైగా అక్కడ ఒకప్పుడు ఇళ్ళలో 127 వోల్టులు కూడా ఉండేవి. కాబట్టి ప్లగ్గులో పెట్టకముందే వెనక అతికించిన రేకు మీద ఏం రాసుందో చదవండి. 127 అనో, 110, 120 అనో ఉండి, వోల్టేజి మార్చే స్విచ్చు లేకపోతే మన 230లో పెట్టిన మరుక్షణం పొగ వస్తుంది. స్విచ్చుంటే ముందు దాన్ని 220 లేదా 240 వైపు తిప్పాలి.

వోల్టేజి సరిపోయినా స్పీడు సంగతి మిగిలే ఉంది. పాత డెక్కుల్లో కొన్నిటికి మోటారు నేరుగా గోడ కరెంటుతో నడుస్తుంది, ఆ కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగితే మోటారు ఆ లెక్కన తిరుగుతుంది. 60కి చేసిన మోటారు మన 50 మీద ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. పాట నెమ్మదించడమే కాదు, హార్మోనియం మీద మూడు మెట్లు దిగినట్టు గొంతు దిగిపోతుంది. పౌరాణిక నాటకంలో కృష్ణుడి పద్యం భీముడు పాడినట్టుంటుంది. దీన్ని కనిపెట్టడానికి సాధనాలు అక్కర్లేదు. రికార్డు కూర్చునే పళ్ళెం అంచున చిన్న తెల్ల కాగితం ముక్క అతికించి, స్పీడు 33లో పెట్టి, ఫోన్లో టైమరు పెట్టుకుని మూడు నిమిషాల్లో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. సరిగ్గా వంద రావాలి. 83 దగ్గర ఆగితే అది సౌదీ మోటారే, సందేహం లేదు. తొంభై ఆరు, తొంభై ఏడు అలా వస్తే బెల్టు సాగి జారుతోందనో, ఇరుసులో గ్రీజు గడ్డకట్టిందనో అనుకోండి, అది బాగుచేసుకోవచ్చు. మోటారు మీదుండే చిన్న కప్పీని 50 హెర్ట్జ్‌ది మారిస్తే సౌదీ జబ్బు కూడా కుదురుతుంది గానీ, మీ మోడల్‌కి అది దొరకాలిగా. డీసీ మోటారుదైతే, బెల్టు లేకుండా మోటారే నేరుగా పళ్ళేన్ని తిప్పే డైరెక్ట్ డ్రైవ్ అయితే, ఈ గొడవ ఏదీ ఉండదు, వోల్టేజి ఒక్కటి చూసుకుంటే చాలు. టెక్నిక్స్ వాళ్ళ ఎస్‌ఎల్-1200 లాంటిది బయటపడితే మాత్రం నాకు చెప్పండి, 1972లో మొదలైన ఆ వరసలో డెక్కులు ఇప్పటికీ లోకమంతా నడుస్తున్నాయి. కొత్తది కొనాలన్న ఆలోచన అక్కడితో మానేయొచ్చు.

పాతది బాగుచేయించాలంటే ఎవరో ఒక టీవీ మెకానిక్ చేతిలో పెట్టేసి రాకండి. బెల్టు మీరే మార్చుకోవచ్చు, పళ్ళెం పైకి లేపితే కనబడుతుంది, పాత రబ్బరు మన వేడికి బెల్లంపాకంలా అంటుకుపోయి ఉంటే స్పిరిట్‌తో తుడిచేయండి. ఇరుసులో పాత జిడ్డు తీసి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు. పాత ముల్లు ఎంత బాగున్నట్టు కనబడినా దాంతో వాయించకండి, ఎన్ని గంటలు తిరిగిందో మీ బావగారికే గుర్తుండదు. నాది ఒకటి అప్పట్లో పేరున్న ఒక రిపేరు షాపులో ఇచ్చాను, మూడు నెలలు తిప్పించుకుని, చివరికి చెయ్యి వెనక ఉండే బరువు పోగొట్టి, దాని బదులు నట్టులు బిగించి ఇచ్చారు. అలా ఇచ్చి 'ఆయ్, ఇప్పుడు పాడుతుందండి' అన్నారు కూడా.

కొత్తదే కొనాలంటే నా సలహా ఇదీ. మీ కుప్పల్లో ఎల్పీలు, ఈపీలే ఎక్కువుంటే ఆడియో టెక్నికా ఎల్పీ60ఎక్స్ తీసుకోండి. మీ బడ్జెట్‌లో సగం లోపే అయిపోతుంది. బటన్ నొక్కితే చెయ్యి తనే లేచి వెళ్ళి కూర్చుంటుంది, పాట అయ్యాక తనే వెనక్కి వస్తుంది, మొదటిసారి చేతులు వణికేవాళ్ళకి అదో పెద్ద ధైర్యం. ముల్లు మూడున్నర గ్రాముల దరిదాపుల్లో నొక్కుతుంది, ఖరీదైనవాటితో పోలిస్తే కాస్త ఎక్కువే అయినా రికార్డుకి భయం లేదు, మొన వజ్రం, అరిగితే ముల్లు ఒక్కటే లాగి కొత్తది పెట్టుకోవచ్చు. దీని మీద మోజుపడేదేమీ లేదు, రూపం సాదా, ముల్లు తప్ప మార్చుకోవడానికి ఏమీ ఉండదు. నేను చెప్పి కొనిపించిన నలుగురూ ఇంకా వాయిస్తున్నారు, అది చాలు నాకు. 78 స్పీడు మాత్రం దీనికి లేదు.

78లు ఇరవై దాటితే లెక్క మారుతుంది. అప్పుడు అదే కంపెనీ ఎల్పీ120ఎక్స్ లాంటిది, మూడు స్పీడ్లున్నది చూడాలి. దాంతో వచ్చే కార్ట్రిడ్జ్‌కి రెండు గ్రాముల బరువు చాలు, 78లు వినాలనుకున్నప్పుడు దాని ముల్లు లాగేసి ఆ వరసలోనే 78ల కోసం చేసిన లావు ముల్లు గుచ్చి, బరువు ఐదు గ్రాములకి పెంచుకుంటే సరి. చెయ్యి వెనక బరువు తిప్పి సర్దుకోవడం నేర్చుకోవాలి. గ్రాములో వందో వంతు చూపించే బుల్లి డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి, కంసాలి దగ్గరుంటుందే, ఆ బాపతుది, ఆన్‌లైన్లో ఐదారొందలకి వస్తుంది. అయితే మీ నలభై వేలూ దాదాపు ఈ ఒక్క డెక్కుకే అయిపోతాయి, స్పీకర్లకి మళ్ళీ ఆరు నెలలు ఆగాలి. ఆగగలిగితే ఆగండి. నేనైతే ఎల్పీ60తో మొదలుపెట్టి 78లు శుభ్రంగా కవర్లలో పెట్టి దాచేవాణ్ణి.

బెల్టు డ్రైవా, డైరెక్ట్ డ్రైవా అని జనం కొట్టుకుంటుంటారు, మీరు పట్టించుకోకండి. బ్లూటూత్ ఉన్నవి కూడా వస్తున్నాయి. వైరు లాగడానికి బద్ధకమైతే తప్ప దానికి వేరే ఖర్చు పెట్టడం దేనికి?

కొత్తవాళ్ళు తప్పకుండా చేసే తప్పు ఒకటుంది, అది కాస్త వివరంగా చెప్పాలి. ముల్లు దగ్గర పుట్టే కరెంటు నాలుగైదు మిల్లీవోల్టులు, మీ ఫోన్ నుంచి వచ్చేదాంట్లో వందో వంతు. పైగా రికార్డు కోసేటప్పుడు మద్దెల లాంటి బరువు శబ్దాలని కావాలనే తగ్గించి, తాళాల లాంటి సన్న శబ్దాలని పెంచి కోస్తారు, లేకపోతే గాళ్ళు వెడల్పైపోయి పక్కకి ఇరవై నిమిషాలు పట్టదు, సన్న శబ్దాలని గరగర మింగేస్తుంది కూడా. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నది 1954 నుంచి ఆర్.ఐ.ఏ.ఏ. అనే ఒకే లెక్క మీద నడుస్తోంది. ఆ లెక్కని తిరగేసి, శబ్దాన్ని పెంచి ఇచ్చేది ఫోనో ప్రీయాంప్. నేను చెప్పిన రెండు డెక్కుల్లోనూ అది లోపలే ఉంటుంది, వెనక ఫోనో, లైన్ అని స్విచ్చుంటుంది. మామూలు స్పీకర్లకి లైన్ అని పెట్టాలి. మీ ఇంట్లో ఫోనో అని రాసిన కన్నం ఉన్న పాత ఆంప్లిఫయరుంటే అప్పుడు ఫోనో. తారుమారు చేస్తే రెండు రకాలుగా తెలుస్తుంది: పాట దూరంగా పక్కూరి పందిట్లోంచి వచ్చినట్టు పీలగా ఉంటే ప్రీయాంప్ ఎక్కడా లేదు, గొంతు చించుకున్నట్టు గరగరలాడితే రెండుసార్లు ఉంది. బావగారి డెక్కుకైతే ప్రీయాంప్ విడిగా కొనాల్సిరావచ్చు.

స్పీకర్లు ఆంప్లిఫయరు లోపలే ఉన్నవి, యాక్టివ్ అంటారు, అవి తీసుకోండి. ఎడిఫైయర్ ఆర్1280టి లాంటివి పదివేల దరిదాపుల్లో వస్తాయి, రెండు వైర్లు గుచ్చితే పనైపోతుంది. హోమ్ థియేటర్ బాక్సు ఉంది కదా అంటారేమో, దాని సబ్‌ఊఫర్ ఆపేసి తాత్కాలికంగా వాడుకోండి, అరిగిన రికార్డుల మీద ఆ గుబగుబ ప్రాణం తీస్తుంది. పాత తెలుగు రికార్డుల్లో చాలావరకు మోనోవే, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వస్తుంది, కాబట్టి రెండు స్పీకర్ల మధ్య పాట అటూ ఇటూ పరిగెత్తట్లేదని కంగారుపడకండి.

డెక్కు ఎక్కడ పెడతారన్నది డెక్కు ఖరీదంత ముఖ్యం. స్పీకర్లున్న బల్ల మీద పెట్టకండి. నేను చేసింది చెప్తాను: ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కడపబండ ముక్క ఒకటి, రెండడుగులు బై అడుగున్నర, గట్టి టేకు బల్ల మీద, కింద నాలుగు మూలలా రబ్బరు ముక్కలు. దాని మీద డెక్కు. వీధిలోంచి కొబ్బరికాయల లారీ వెళ్ళినా ముల్లు కదలదు. బండ సమానంగా ఉందో లేదో తాపీమేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకుని చూడండి, నీళ్ళ బుడగ మధ్యలో నిలవాలి. వాలుగా ఉంటే చెయ్యి ఒకవైపు గాడి గోడనే ఒరుసుకుంటూ పోతుంది. ఫ్యాను కింద పెడితే దుమ్మంతా రికార్డు మీదే. వాయించనప్పుడు మూత వేసి ఉంచండి, లేదంటే మా ఇంట్లో జరిగినట్టు పళ్ళెం కింద వెచ్చగా బల్లి కాపురం పెడుతుంది.

కరెంటు గురించి రెండు మాటలు. సన్నటి 'మ్' అన్న శబ్దం పాట వెనక వినబడుతుంటే ముందు డెక్కు నుంచి వచ్చే సన్న గ్రౌండు వైరు, ఉంటే గనక, ప్రీయాంప్ స్క్రూకి బిగించారా చూడండి. అప్పటికీ పోకపోతే ఇంటి ఎర్తు చూపించుకోండి, పాత మండువా ఇళ్ళలో మూడో కన్నం అలంకారానికే ఉంటుంది. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడిచేటప్పుడు, అది చవకరకం స్క్వేర్ వేవ్‌దైతే బర్రుమనడం ఖాయం. ఎల్పీ60 అడాప్టరుతో నడిచేది కాబట్టి స్పీడు మారదు గానీ స్పీకర్లలో ఆ బర్రు రావచ్చు. కరెంటొచ్చాకే వినండి, తొందరేముంది.

ముల్లు మూడొందల నుంచి ఐదొందల గంటలు వస్తుంది, రోజుకో గంట వింటే ఏడాది, ఏడాదిన్నర. పెట్టిన తేదీ డెక్కు కింద పెన్సిల్‌తో రాసుకోండి. ప్రతి రికార్డు ముందూ మొన మీది దుమ్ము మెత్తటి కుంచెతో వెనకనుంచి ముందుకి ఒక్కసారి తుడవండి, వేలితో ముట్టుకోకండి.

రికార్డులు నిలబెట్టి పెట్టాలి, ఒకదానిమీద ఒకటి పడుకోబెడితే కింది 78లు చిట్లుతాయి. ట్రంకుపెట్టెలోంచి శాశ్వతంగా తీసేయండి. పాత అట్టలంటే చెదలకి పాయసం, అందుకే గోడకి ఆనించకుండా, నేలకి అడుగెత్తున పెట్టండి. లోపలి కాగితం కవర్లు బూజు పట్టి ఉంటే పారేసి కొత్తవి వేయండి, అట్టలు మాత్రం తాతగారి సంతకం ఏమైనా ఉంటే ఉంచుకోండి. మన దగ్గర ఒక్క సుఖం ఉందండోయ్, గాలిలో ఇంత చెమ్మ ఉంటుంది కాబట్టి పొడి ఊళ్ళవాళ్ళని వేధించే స్టాటిక్ చిటపటలు మనకి తక్కువ. ఉక్కపోతకి ఒక్క ఉపకారమన్నా ఉందన్నమాట.

ఎండ మాత్రం జాగ్రత్త. ఓసారి రోహిణికార్తెలో రాజమండ్రిలో ఒక పాత ఇంటివాళ్ళ దగ్గర ఆరు ఎల్పీలు కొని, కారు వెనక సీటు మీద పెట్టి, రోజ్‌మిల్క్ తాగొద్దామని దిగాను. వచ్చేసరికి అరగంట. ఇంటికొచ్చి చూస్తే పైన ఉన్న రెండూ నూనెలో వేసిన అప్పడాల్లా లేచి ఉన్నాయి. అద్దాల కింద పెట్టి బరువులు వేశాను, వారం రోజులు ఉంచాను, లాభం లేదు. ఇప్పటికీ ఒకటి గోడకి తగిలించి ఉంది, చూసినవాళ్ళు అలంకారం అనుకుంటారు.

మరి ఇంత తంటా పడి వింటే ఫోన్లో కంటే బాగుంటుందా అని మీరడగలేదు గానీ అడుగుతారు. శుభ్రత లెక్కన చూస్తే సీడీయే మేలు, నేను అబద్ధం చెప్పను. కానీ మీ పెట్టెలో ఉన్న నాటకం పద్యాల్లో కొన్ని ఎక్కడా ఎక్కి ఉండకపోవచ్చు, అవి వినాలంటే దారి ఇదొక్కటే. అందుకే 78లు ఎన్నున్నాయో ముందు లెక్కపెట్టమంటున్నాను. వాటి లేబుళ్ళ మీద పేర్లు కూడా కాగితం మీద రాసి పెట్టుకోండి, ఏదైనా చిట్లితే కనీసం ఏది పోయిందో తెలుస్తుంది.

ఈ లోపు మంచం కిందది బయటికి లాగి దుమ్ము దులిపి, వెనక రేకు మీద వోల్టులు ఎంత, హెర్ట్జ్ ఎంత, మోడల్ నంబరు ఏంటి, ఈ మూడూ నాకు రాయండి. 50/60 అని రెండూ ఉండి, వోల్టేజి స్విచ్చు కూడా ఉంటే కొత్త డెక్కు జోలికి వెళ్ళొద్దు, ఒక బెల్టు, ఒక ముల్లు, ఒక ప్రీయాంప్, మిగిలింది స్పీకర్ల మీద పెడదాం. 60 ఒక్కటే ఉండి, మోటారు నేరుగా గోడ కరెంటుతో నడిచేదైతే దాన్ని మళ్ళీ మంచం కిందకే తోసేయండి, బావగారికి మాత్రం చెప్పకండి.